కరెంటు పొయ్యికి 200 యూనిట్ల గీత

మాసబ్ ట్యాంక్: పల్లె విడిచి పట్నం చేరి, ఇక్కడి బస్తీల్లో ఒంటి గది అద్దె ఇళ్ళలో ఉంటున్న కూలి జనం గ్యాసు మాని కరెంటు పొయ్యి పెట్టుకుంటే గిట్టుబాటవుతుందా?

2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన తెల్లకార్డుదారులకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. ఆ గీత దాటితే మాత్రం ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి.

14.2 కిలోల గ్యాసు బండతో అయ్యే వంటకు ఇండక్షన్ పొయ్యిపై సుమారు 120 యూనిట్లు కాలుతాయి. బండ నెలన్నర వచ్చే ఇంట్లో నెలకు 80 చాలు. దీపాలకు, ఫ్యానుకు 120 మిగులుతాయి. నెలకో బండ ఖాళీ చేసే పెద్ద సంసారానికి మిగిలేవి 80 యూనిట్లే. ఎండాకాలం కూలర్ తిరిగితే గీత దాటినట్లే.

20 లక్షల ఇండక్షన్ పొయ్యిలు అందించే కార్యక్రమాన్ని 2023లో కేంద్ర సంస్థ ఇ.ఇ.ఎస్.ఎల్. ప్రకటించింది. పొయ్యి ఒక్కటే చాలదు. దానిపై మామూలు అల్యూమినియం గిన్నె వేడెక్కదు. అడుగు చదునుగా ఉండి అయస్కాంతం అంటుకునే గిన్నె కావాలి. సన్నని పాత వైరు రెండు వేల వాట్లు మోయలేదు. అద్దె ఇంట్లో వైరు మార్చాలంటే యజమాని ఒప్పుకోవాలి.

గిన్నెలకు, వైరుకు సాయం చేసి, వంటకు కొన్ని యూనిట్లు అదనంగా ఇస్తేనే పేదింటి నుంచి బండ కదులుతుంది. అంతదాకా మహాలక్ష్మి కింద రూ. 500కు పడే బండను వదులుకోవడం తొందరపాటే.