వాగు మింగిన మాత్రలు

ప్రపంచంలో ఎక్కడో ఎవరికో జబ్బు చేస్తుంది. నయం చేసే మందు మన హైదరాబాద్ పక్కన తయారవుతుంది. చవగ్గా దొరుకుతుంది కూడా! కానీ ఆ ధరలో ఎవరూ కలపని ఖర్చు ఒకటుంది. దాన్ని నక్కవాగు కట్టింది. వాగు వెంట బతికే ఊళ్లు కట్టాయి.

ప్రతి ఇంట్లోనూ ఫ్రిజ్ మీదో, అల్మరాలోనో ఓ మందుల డబ్బా ఉంటుంది. సగం వాడి వదిలేసిన మాత్రల అట్టలు, మూత బిగుసుకుపోయిన సిరప్ సీసాలు... వెతికితే అందులో సిప్రోఫ్లాక్సాసిన్ కూడా దొరుకుతుంది. మూత్రంలో మంట దగ్గర్నుంచి విరేచనాల దాకా డాక్టర్లు ఎన్నోసార్లు రాసిన యాంటీబయోటిక్ అది. అలాంటి మందుల ముడిసరుకు తయారీలో పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతానికి ప్రపంచమంతటా పేరుంది. ఆ పేరు వెనకాల నలభై ఏళ్లకు పైబడిన కథ ఉంది.

వెలుగొస్తుందనుకున్నారు

1960లలో హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ మొదలైంది. మందుల తయారీ తెలిసిన కెమిస్టులు ఎందరో అక్కడ తయారయ్యారు. 1970లో వచ్చిన పేటెంట్ల చట్టం మరో తలుపు తెరిచింది. మందు మీద కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇచ్చింది. అదే మందును వేరే దారిలో చేసుకోవచ్చన్నమాట! ఇంకేం... బల్క్ డ్రగ్ కంపెనీలు పుట్టుకొచ్చాయి. బాలానగర్, జీడిమెట్ల దాటి పటాన్‌చెరు వైపు విస్తరించాయి.

అప్పట్లో మెదక్ వెనకబడిన జిల్లా. పరిశ్రమ పెడితే రాయితీలు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. జిల్లా దశ తిరుగుతుందన్న ఆశ ఊరూరా కనిపించేది. వానను నమ్ముకుని సేద్యం చేసే కుటుంబాలకు నెలజీతం అన్న మాటే కొత్త. ఫ్యాక్టరీ వస్తుందంటే ఎవరు వద్దంటారు?

ఉద్యోగాలు వచ్చాయి... అది నిజం. ఒకప్పుడు విదేశాల నుంచి తెప్పించుకున్న మందులు ఇక్కడే తయారై, పేదవాడికీ అందే ధరకు దిగివచ్చాయి. అదీ నిజమే. అయితే, కిలో మందు చేయాలంటే దానికి ఎన్నో రెట్లు ద్రావకాలు, ఆమ్లాలు, నీళ్లు కావాలి. మందు డ్రమ్ముల్లోకెక్కి వెళ్లిపోతుంది. మరి మిగిలింది?

బావిలో రంగు నీళ్లు

మిగిలింది వాగులో కలిసింది. ఇసుకవాగు, పాములవాగు, నక్కవాగు... అక్కడి నుంచి మంజీర, ఆపైన గోదావరి. వాగు పక్క బావుల్లో నీళ్లు రంగు మారాయి. ఆ నీళ్లు పెట్టిన మడిలో పైరు ఎదగలేదు. తాగిన పశువులు జబ్బు పడ్డాయి. బోరు వేస్తే నురగ. పొలం కాగితాల మీద భద్రంగానే ఉంది. పంటే లేదు! భూమిని ఎవరూ లాక్కోకుండానే రైతు భూమి లేనివాడయ్యాడు.

పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ ఎ.కిషన్‌రావు దగ్గరికి వచ్చే రోగులే ఈ మార్పును ముందుగా చెప్పారు. చర్మవ్యాధులు, ఊపిరి ఇబ్బందులు, కడుపు జబ్బులు. మందు రాసిస్తే సరిపోదని, ఊళ్లను కూడగట్టి రోడ్డెక్కారాయన. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది.

కోర్టు ఊరుకోలేదు. జిల్లా జడ్జితో విచారణ చేయించింది. రైతులకు పరిహారం, ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వాలంది. తర్వాత 2001లో కేసు హైకోర్టుకు, 2013లో హరిత ట్రైబ్యునల్‌కు బదిలీ అయింది. ట్రైబ్యునల్ తీర్పు వచ్చింది 2017లో! కేసు వేసిన ఏడాది పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరవై ఏడేళ్లు. ఆ బిడ్డ తన ఊరి వాగులో ఈత కొట్టి ఉండడు.

రోజుకు 90 వేల మాత్రలు

మధ్యలో ఓ పరిష్కారం దొరికిందనుకున్నారు. కంపెనీలన్నింటి వ్యర్థజలాన్నీ ట్యాంకర్లలో ఒకచోటికి చేర్చి శుభ్రం చేసే ఉమ్మడి శుద్ధి కేంద్రం 1990లలో పటాన్‌చెరులో మొదలైంది. అక్కడ పనిచేసేది బ్యాక్టీరియా. మురికిని అవి తింటాయి, నీళ్లు తేరుకుంటాయి. మామూలు మురుగైతే ఈ పద్ధతి భేష్! కానీ వస్తున్నది బ్యాక్టీరియాను చంపడానికి చేసిన మందు కలిసిన నీరాయె! పైగా సూక్ష్మజీవులు బతకాలని అందులోకి ఊరి మురుగూ కలిపేవారు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ఈ కేంద్రం నుంచి శుద్ధయి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలు అక్కడికి చేరేవి. 2007లో వెలువడిన ఫలితాలు చూసి ప్రపంచం ఉలిక్కిపడింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. రోజుకు సుమారు 15 లక్షల లీటర్లు బయటికొచ్చేవి. లెక్క కడితే రోజుకు 45 కిలోల మందు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 90 వేలు!

2009లో అదే దేశపు పరిశోధకుల మరో అధ్యయనం చుట్టుపక్కల చెరువుల్లో, బావి నీళ్లలో కూడా మందుల అవశేషాలను గుర్తించింది. ఆ ఏడాదే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం చేరింది.

వాగులో బడి

నీళ్లలో మందుంటే మంచిదేగా అనిపించవచ్చు. అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది. కొద్దికొద్దిగా మందు తగులుతూ ఉంటే బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది. తట్టుకున్నది మిగులుతుంది, పెరుగుతుంది. తట్టుకునే ఆ విద్యను పక్క బ్యాక్టీరియాకూ నేర్పుతుంది. మందును ఓడించడమెలాగో నేర్పే బడిలా మారిపోతుంది వాగు. అక్కడ చదువు పూర్తిచేసుకున్న సూక్ష్మజీవికి ఊరి పొలిమేరలుండవు, దేశాల సరిహద్దులుండవు.

2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియాయే నేరుగా కారణమని లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఇందులో ఫ్యాక్టరీల వాటా ఎంతో విడదీయడం కష్టం. మందుల షాపులో అడిగి కొనుక్కుని, రెండు మాత్రలకే మానేసే మన అలవాటుకూ ఇందులో భాగముంది. కానీ అలవాటును ఇంట్లో మార్చుకోవచ్చు. వాగును ఇంట్లో కూర్చుని మార్చలేం.

పైపు మారింది

ఆ తర్వాత 18 కిలోమీటర్ల పైపులైను వేశారు. పటాన్‌చెరు కేంద్రం నీళ్లు నక్కవాగు బదులు హైదరాబాద్ మురుగులో కలిసి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి మూసీకి వెళ్లే ఏర్పాటు. ఇక్కడి బరువును అక్కడికి మార్చడమేనని పర్యావరణవేత్తలు అప్పుడే అభ్యంతరం చెప్పారు. చుక్క నీరు బయటికి వదలకుండా లోపలే ఆవిరి చేసి తిరిగి వాడుకునే విధానానికి కొన్ని కంపెనీలు మారాయి. అయినా 2017లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి.

వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్ ఎంత వరకు ఉండొచ్చో చెబుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో దీనిపై తొలిసారిగా మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే అవి సలహాలే. చట్టాలు కావు.

మూల్యం నీళ్లతో ఆగలేదు. 2025 జూన్ 30న పాశమైలారంలో మాత్రల తయారీకి వాడే పొడిని చేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే.

ఫ్యాక్టరీలు మూసేయాలని వాగు ఒడ్డు రైతు అడగడం లేదు. అతని కొడుకో మనవడో అక్కడే పనిచేస్తూ ఉండొచ్చు. అతని ఇంట్లోనూ మందుల డబ్బా ఉంది. శుద్ధికయ్యే ఖర్చు మాత్ర ధరలో కలిస్తే కొనేవాడికి కొన్ని పైసలు పెరగొచ్చు. కలపకపోతే ఆ బాకీ తీరినట్టు కాదు. ఇన్నాళ్లూ దాన్ని రైతు కట్టాడు. రేపు ఆస్పత్రి మంచం మీద, ఏ మందూ పనిచేయని జ్వరంతో, ఎవరైనా కట్టాల్సి రావచ్చు.