ఆకాశమును పంచుకొన్న వేధశాలలు

హైదరాబాదు నగరమునకు ఆగ్నేయ దిక్కున, నాగార్జునసాగరమునకు పోవు దారిలో ఇబ్రహీంపట్నము అను పట్టణము కలదు. కుతుబ్‌షాహీల కాలమునాటి పెద్దచెరువునకు అది పేరెన్నిక గన్నది. ఆ ప్రాంతముననే జాపాల్, రంగాపూర్ అను రెండు పల్లెల నడుమ, ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1968వ సంవత్సరమున 48 అంగుళముల దర్పణముగల దూరదర్శనిని నెలకొల్పిరి. 1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమును శాస్త్రజ్ఞులు ఇచ్చటినుండి పరిశీలించిరి. నగర దీపముల వెలుగులో సన్నని నక్షత్రములు కానరావు. అందుచేత వారు చీకటిని వెదకికొనుచు ఇంతదూరము వచ్చిరి.

ఈ వేధశాలకు పూర్వికురాలు హైదరాబాదులోని నిజామియా వేధశాల. ఖగోళశాస్త్రమునందు మక్కువగల నవాబ్ జఫర్ జంగ్ 1901లో దానిని స్థాపించెను. ఆయన మరణానంతరము, 1908లో, నిజాం ప్రభుత్వము దానిని స్వీకరించెను. తరువాత అది బేగంపేటలో వెలసి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట పనిచేసినవారు, తాము కన్నులార చూచి యెరుగని దూరదేశపు శాస్త్రజ్ఞులతో కలిసి ఒక మహాగ్రంథమును నిర్మించిరి. అంతర్జాలము లేని ఆ కాలమున ఇది యెట్లు సాధ్యమయ్యెను?

1887వ సంవత్సరమున పారిస్ వేధశాలాధిపతియైన మూషే పిలుపుపై పలు దేశముల ఖగోళ శాస్త్రజ్ఞులు ఆ నగరమున సమావేశమైరి. ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీసి, నక్షత్రముల స్థానములను కొలిచి, ఒక పట్టికను సిద్ధపరుపవలెనని వారు సంకల్పించిరి. ఇది యే ఒక్క దేశమువలనను కాని పని. కావున రైతులు పొలమును మళ్లుగా విభజించినట్లు, వారు ఆకాశమును అడ్డపట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క వేధశాలకు అప్పగించిరి.

పనిని పంచుట సులభము. పంచిన పనిని మరల ఒక్కటిగా కూర్చుటయే కష్టము. ఒకడు మూరతోను, మరియొకడు గజముతోను కొలిచినచో ఆ లెక్కలు కలియునా? అందుచేత వారు కొన్ని కట్టుబాట్లు చేసికొనిరి. మొదటిది కొలమానము. డిగ్రీలో 60వ వంతును మన జ్యోతిశ్శాస్త్ర గ్రంథములు ‘కళ’ యనును. ఛాయాచిత్రపు గాజుపలకపై ఒక మిల్లీమీటరు ఆకాశమున ఒక కళకు సమానము కావలెను. అనగా ఒక డిగ్రీకి 6 సెంటీమీటర్లు. ఒక్కొక్క పలకలో పొడవునను వెడల్పునను రెండేసి డిగ్రీల ఆకాశము ఇముడును.

రెండవది గీతల వల. ప్రతి పలకపైనను 5 మిల్లీమీటర్ల ఎడముతో సన్నని గళ్లను ముద్రించెడివారు. పలకపైనున్న రసాయనపు పూత తడిసి ఆరునపుడు ఏ మాత్రము సాగినను, ముడుచుకొన్నను, గీతలును దానితోపాటే జరుగును. గీతలను చూచి దోషమును కనిపెట్టవచ్చును. మూడవది సాక్ష్యము. ఒక పలక మూల మరియొక పలక నడిమికి వచ్చునట్లు చిత్రములు తీసెడివారు. ఈ విధముగా ప్రతి నక్షత్రమును కనీసము రెండు పలకలలో పడును. ఒక పలకలో పొరపాటు దొరలినచో రెండవది దానిని బయటపెట్టును.

ఆకాశపు వైశాల్యము సుమారు 41,000 చదరపు డిగ్రీలు. ఒక్కొక్క పలక 4 చదరపు డిగ్రీలను కప్పును. ఒక్కసారి కప్పుటకే పదివేలకు మించిన పలకలు కావలెను. రెండుసార్లు కప్పుటకు ఇరువదివేలకు మించును. ఇంతటి భారమును అందరును మోయలేకపోయిరి. దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వరకుగల పట్టీ మొదట చిలీ దేశపు శాంటియాగో వేధశాల వంతు. అచ్చట ఆ పని సాగలేదు. ఒక్క పట్టీ ఖాళీగా మిగిలినను ఆకాశపటమున చిరుగు పడినట్లే. ఆ చిరుగును కుట్టుటకు పూనుకొన్నది హైదరాబాదు.

పోకాక్ అధ్యక్షతలో 1914లో చిత్రములు తీయుట మొదలయ్యెను. అప్పుడే మొదటి ప్రపంచయుద్ధము చెలరేగెను. ప్రభుత్వములు పరస్పరము పోరాడుచుండినను, వేధశాలల కొలమానము మారలేదు. 1918లో పోకాక్ మరణింపగా, టి. పి. భాస్కరన్ ఆ బాధ్యతను వహించి నడిపించెను. 1929 నాటికి దక్షిణపు పట్టీ చిత్రీకరణ ముగిసెను. జర్మనీలోని పాట్స్‌డామ్ వేధశాల పూర్తిచేయలేని ఉత్తరపు పట్టీలో 36 నుండి 39 డిగ్రీల భాగమును గూడ హైదరాబాదే చేపట్టెను. సూక్ష్మదర్శినితో ఒక్కొక్క చుక్కను కొలిచి, అంకెలు వ్రాసి, సంపుటములుగా ప్రకటించిరి.

పట్టికతోపాటు తలపెట్టిన సమగ్ర ఆకాశచిత్రము మాత్రము ఎన్నటికిని పూర్తికాలేదు. పట్టికయు చాలకాలము గ్రంథాలయములలో దుమ్ముపట్టియుండెను. అయినను ఆ శ్రమ వ్యర్థము కాలేదు. నక్షత్రములు స్థిరములని మనము తలంతుము గాని, అవియు మెల్లగా కదలుచుండును. ఆ కదలిక ఒక మనిషి జీవితకాలమున తెలియరానంత స్వల్పము. 1989లో ఐరోపావారు ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహము నక్షత్ర స్థానములను సూక్ష్మముగా కొలిచెను. ఆ కొలతలను పాత పట్టికలతో పోల్చి, 2000వ సంవత్సరమున దాదాపు 25 లక్షల నక్షత్రముల గమనమును లెక్కగట్టిరి. పోల్చుటకు పనికివచ్చిన పాత పట్టికలలో ముఖ్యమైనది ఇదియే. బేగంపేటలో కొలిచినవారి అంకెలకు, వారి అనంతరము జన్మించిన శాస్త్రజ్ఞులు పొత్తుదారులైరి.

నేడు సాధనములు మారినవి. 2017 ఏప్రిల్‌లో ఎనిమిది దూరదర్శనులు, హవాయి నుండి దక్షిణధ్రువము వరకు, కలిసి కృష్ణబిలముల వైపు చూచినవి. పరమాణు గడియారములు వానినన్నిటిని ఒకే కాలమానమునకు బద్ధములను చేసెను. సేకరించిన సమాచారము అంతర్జాలమున పంపుటకు వీలుకానంత అధికమగుటచే, దానిని విమానములలో తరలించిరి. దక్షిణధ్రువపు పెట్టెలు అచ్చటి చలికాలము గడచువరకు వేచియుండవలసివచ్చెను. 2019 ఏప్రిల్ 10వ తేదీన లోకము కృష్ణబిలపు తొలి చిత్రమును చూచెను.

గాజుపలకలు పోయి గణనయంత్రములు వచ్చినను, మూలసూత్రము మారలేదు. దూరమున ఉన్నవారిని కలుపునది తంతి మాత్రమే కాదు. అందరును అంగీకరించి, ఎవరును చూడనిచోటను తప్పక పాటించు ఒకే కొలత. చదువునందైనను, వృత్తియందైనను మన వంతు పని చిన్నదే కావచ్చును. దానిని నియమము తప్పక చేసినచో, మనమెరుగని వారి పనికి అది ఆధారమగును.