పండుగనాడు కుక్క వంతు

పిల్లలూ! దీపావళి వస్తున్నదంటే మీకు ఎన్ని లెక్కలో! ఎవరికి ఎన్ని మతాబులు, ఎన్ని చిచ్చుబుడ్లు, ఎన్ని కాకరపువ్వొత్తులు అని వారం ముందునుంచే పంచుకుంటూ ఉంటారు. ఆ పంపకంలో మీ ఇంటి కుక్క వంతు ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? నాకు పదేళ్లు వచ్చేదాకా ఆ ఆలోచనే రాలేదు. ఎలా వచ్చిందో ముందు చెబుతాను.

మా ఇంట్లో మోతీ అనే కుక్క ఉండేది. నేను బడికి వెళ్లేటప్పుడు చెరువుగట్టుదాకా వచ్చి సాగనంపేది. సాయంకాలం మళ్ళీ అక్కడే నిలబడి నాకోసం ఎదురుచూసేది. ఒక దీపావళికి దానిచేత కూడా పండుగ చేయించాలని నాకు బుద్ధి పుట్టింది. మెడలో బంతిపూల దండ వేశాను. వాకిట్లో నా పక్కనే రాటకు కట్టేశాను. తరువాత లక్ష్మీబాంబు అంటించాను.

అది పేలగానే మోతీ గిలగిలా కొట్టుకుని, తాడు తెంపుకుని చీకట్లోకి పారిపోయింది. ఎంత పిలిచినా తిరిగి రాలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మూడోనాడు పొరుగూరి దారిలో, వంతెన కింద ముడుచుకుని కనిపించింది. ఒక కాలు కుంటుతున్నది. నన్ను చూసి తోక ఊపింది, కాని దగ్గరకు రావడానికి చాలాసేపు వెనకాడింది. నన్ను చూసి మోతీ భయపడటం అదే మొదటిసారి.

మోతీ పిరికిది కాదు. పెరట్లోకి పాము వస్తే ఇల్లంతా లేచేదాకా మొరిగేది. అటువంటి కుక్క టపాకాయకు ఎందుకు అంతగా హడలిపోయింది?

చప్పుడు అంటే గాలిలో పుట్టే కంపనం. మనిషి చెవికి సెకనుకు 20 మొదలు 20,000 కంపనాల వరకూ వినిపిస్తాయి. కుక్క చెవికి సుమారు 45,000 దాకా వినిపిస్తాయి. మనకు అందని సన్నని చప్పుళ్లు కూడా దానికి అందుతాయి. అంత చురుకైన చెవి పక్కన బాంబు పేలితే ఎలా ఉంటుందో ఊహించండి! ఇంకొక సంగతి: ఒత్తి అంటించిన మీకు, అది ఎప్పుడు పేలుతుందో తెలుసు. చెవులు మూసుకుంటారు. కుక్కకు ఈ రోజు పండుగ అని తెలియదు. ఏదో ఆపద వచ్చి పడిందనుకుంటుంది. వణుకుతుంది, రొప్పుతుంది, తోక కాళ్లమధ్య దాచుకుంటుంది, మంచం కింద దూరుతుంది.

కుక్కకు పండుగ చేయడం తప్పు కాదు. మన పొరుగున ఉన్న నేపాల్ దేశంలో దీపావళి రోజుల పండుగను తిహార్ అంటారు. అది అయిదు రోజుల పండుగ. మొదటిరోజు కాకులది, రెండవరోజు కుక్కలది. ఆ రెండవరోజును కుకుర్ తిహార్ అంటారు. మన నరకచతుర్దశి కూడా ఆ తిథినాడే వస్తుంది. ఆ రోజు ఇంటి కుక్కకూ, వీధికుక్కకూ కూడా నుదుట బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, ఇష్టమైన తిండి పెడతారు. పోలీసు కుక్కలకు కూడా ఈ మర్యాద జరుగుతుంది. కుక్క యముడి దూత అని అక్కడివారి నమ్మకం. మన పురాణాలలోనూ యముడికి రెండు కుక్కలున్నాయి. దేవతల కుక్క పేరు సరమ. కుక్కను సారమేయం అనడం ఆ పేరునుంచి వచ్చిందే. తనవెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ మీకు తెలిసే ఉంటుంది.

మరి నేనూ బంతిపూల దండ వేశాను కదా! కాని ఆ తరువాత చేసిన పని నా సరదాకోసం చేసింది. మోతీకి ఏమి కావాలో నేను ఆలోచించలేదు.

మా నాన్నగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మరుసటి దీపావళికి ప్రమిదలు వెలిగించి, పూజ కాగానే, మోతీని తీసుకుని లోపలి కొట్టుగదిలోకి వెళ్లారు. కిటికీ మూసి, రేడియో పెట్టి, దాని పక్కనే చాపమీద కూర్చున్నారు. కొంతసేపటికి నేను మతాబులు తమ్ముడికిచ్చి లోపలికి వెళ్లాను. “నువ్వు కూర్చుంటావా? అయితే నేను భోజనం చేసి వస్తాను,” అన్నారాయన. మోతీ నా ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. ఆనాటినుంచి మా ఇంట్లో అది ఆనవాయితీ అయింది. దీపావళి రాత్రి ఎవరో ఒకరు వంతులవారీగా కుక్క దగ్గర కూర్చోవాలి.

మీ ఇంట్లో కుక్క ఉంటే మీరూ ఇలా చేయండి. చీకటి పడకముందే దానిని బయట తిప్పి తీసుకురండి. వీధి తలుపు మూసి ఉంచండి. మెడపట్టీమీద మీ నాన్నగారి ఫోను నంబరు రాయించండి. భయపడితే కసరకండి, దగ్గరకు తీసుకోండి. ఓదారిస్తే భయం పెరుగుతుందని కొందరంటారు, అది నిజం కాదు. భయం మరీ ఎక్కువైతే పండుగకు ముందే పశువుల డాక్టరుగారిని అడగమని పెద్దవాళ్లతో చెప్పండి.

పిండివంటల విషయంలో కూడా జాగ్రత్త! పాయసంలోని కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఉల్లిపాయ దాని రక్తాన్ని చెరుస్తుంది. చాక్లెట్ దానికి విషం. ఉప్పూ కారం వేయకుండా ఉడికించిన కోడిగుడ్డు, కొంచెం అన్నం కలిపి పెట్టండి. అదే దానికి విందుభోజనం. తెల్లవారగానే వాకిట్లో పేలని టపాకాయలు, కాలిన తీగలు ఏరిపారేయండి. కుక్కలు వాటిని నోట కరుచుకుంటాయి, వాటిమీద కాలు వేస్తాయి.

నిరుడు మా ఇంట్లో కుక్క దగ్గర కూర్చునే వంతు నాది. మా మనుమరాలు వచ్చి, “తాతయ్యా, ఈసారి నేను కూర్చుంటాను,” అన్నది. గంటసేపటికి వెళ్లి చూస్తే ఇద్దరూ నిద్రపోతున్నారు. నేను చప్పుడు చేయకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చాను.

ఈ దీపావళికి మీ ఇంట్లో ఆ వంతు ఎవరిదో ఇప్పుడే నిర్ణయించుకోండి.