గొర్రె పలికే నోటికి ‘పెర్రో’ ఎంత!

స్పానిష్‌లో ‘పెరో’ అంటే కానీ. ‘పెర్రో’ అంటే కుక్క. తేడా అంతా ఒక్క ‘ర’ వత్తులోనే ఉంది. ఈ వత్తు దగ్గర పెద్దవాళ్లే నెలల తరబడి తంటాలు పడుతుంటారు.

ఆ శనివారం నా క్లాసులో ఆరేళ్ల బాబు పరిస్థితీ అదే. బొమ్మ కుక్కను చూపించి ఇదేంటి అంటే ‘పెరో’ అంటాడు. అంటే కుక్కను చూసి ‘కానీ’ అంటున్నాడన్నమాట! నాలుగుసార్లు చెప్పించాను. ఐదోసారికి వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెనక కుర్చీలో కూర్చున్న వాళ్ల నాయనమ్మ ఉండబట్టలేక అందుకుంది.

“గొర్రె అను బిడ్డా.”

“గొర్రె.”

“బర్రె?”

“బర్రె.”

“మరి గిదేమైంది? గదే లెక్క అను.”

“పెర్రో!”

అంతే. మిగతా పిల్లలంతా లేచి పెర్రో, గొర్రె, బర్రె అంటూ క్లబ్‌హౌస్ మొత్తం తిరిగారు. ఆవిడది సిద్దిపేట దగ్గర పల్లె. స్పానిష్ ఒక్క ముక్క రాదు. మనవణ్ని తీసుకొచ్చి, క్లాసు అయ్యేదాకా అలా కూర్చుంటుంది. ఆవిడ అర నిమిషంలో చేసిన పని నేను చేయలేకపోయాను. ఎందుకంటే నా క్లాసులో తెలుగు నిషేధం. ఆ రూల్ పెట్టింది నేనే.

మొదట్లో అన్నీ తప్పులే

నేను హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ చదువుకున్నాను. వారమంతా ఆఫీసులో ఆ భాషలోనే మెయిల్స్, కాల్స్. వీకెండ్‌లో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో 5 నుంచి 8 ఏళ్ల పిల్లలకు నేర్పుతాను.

మొదటి రోజు 11 మంది వచ్చారు. నేను నేర్చుకున్న పద్ధతిలోనే బోర్డు మీద పట్టిక గీశాను. నేను, నువ్వు, అతను... ఒక్కోదానికీ క్రియ ఎలా మారుతుందో వరసగా రాశాను. మూడో వారానికి ఆరుగురు మిగిలారు. వాళ్లలో ఒకడు టేబుల్ కింద నిద్రపోయేవాడు.

అప్పుడే ఈ బాబు వాళ్లమ్మ వచ్చి, “మేడమ్, క్లాసులో తెలుగు వాడకండి ప్లీజ్. స్కూల్లో కూడా వద్దంటున్నారు. మూడు భాషలైతే వాడు కన్ఫ్యూజ్ అవుతాడు” అంది. నేను సరే అన్నాను. ఆవిడను ఒక్కదాన్నే అనడం ఎందుకు? ఇంగ్లిష్‌లో చెబితేనే టీచర్‌లా కనిపిస్తానని నాకూ ఒక భ్రమ ఉండేది.

గొర్రె, బర్రె వచ్చి దాన్ని కుమ్మేశాయి.

ఞకి పని దొరికింది

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే నవ్వొచ్చింది. స్పానిష్ అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడ కనిపించినా వాటి పలుకు మారదు. ఇంగ్లిష్‌లో ఒకే అక్షరాన్ని ఒక్కో మాటలో ఒక్కోలా పలుకుతాం. ఇక్కడ ఆ గొడవ లేదు. ఇంగ్లిష్‌లో ‘ట’లా వినిపించే అక్షరం స్పానిష్‌లో ‘త’. అందుకే టమాటా వాళ్లకు ‘తొమాతె’. చాలా మాటలు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి: కాసా (ఇల్లు), గాతో (పిల్లి), లెచె (పాలు).

అన్నిటికన్నా పిల్లలకు నచ్చింది ‘ఞ’ కథ. మన అక్షరమాలలో పాపం అది ఊరికే కూర్చుని ఉంటుంది. విడిగా దానితో పెద్దగా పని పడదు. స్పానిష్‌లో మాత్రం దాని పలుకుకి నెత్తిన అల ఉన్న ప్రత్యేకమైన అక్షరమే ఉంది. ‘నిన్యో’ అంటే బాబు, ‘నిన్యా’ అంటే పాప. “ఞకి జాబ్ వచ్చింది మిస్!” అని ఒక పాప ఎగిరి గంతేసింది.

వాక్యం కట్టడంలోనూ మనకు చుట్టరికమే. ఇంగ్లిష్‌లో ‘నేను మామిడిపండును ఇష్టపడతాను’ అన్నట్టు చెప్పాలి. తెలుగులో ‘నాకు మామిడిపండు ఇష్టం’ అంటాం. స్పానిష్‌లో ‘మె గుస్తా ఎల్ మాంగో’. మొదటి మాటే ‘నాకు’! ఇంగ్లిష్ మీదుగా చెప్పినప్పుడు ఈ వాక్యానికి నాకు రెండు క్లాసులు పట్టింది. తెలుగు నుంచి నేరుగా చెబితే పది నిమిషాల్లో ఐస్‌క్రీమ్ దాకా వెళ్లిపోయారు.

మనకున్నట్టే నువ్వు, మీరు కూడా ఉన్నాయి: తూ, ఉస్తెద్. “నాయనమ్మని మేం నువ్వు అనే అంటాం మిస్, తప్పా?” అని అడిగాడు మన బాబు. తప్పేం లేదు. స్పెయిన్‌లో చాలా ఇళ్లలో అమ్మమ్మనూ ‘తూ’ అనే పిలుస్తారు. కొలంబియాలో కొన్నిచోట్ల సొంతవాళ్లనూ ‘ఉస్తెద్’ అంటారు. గౌరవం ఇంటింటికీ ఒక్కోలా ఉంటుందని వాళ్లకు ఆరేళ్లకే తెలిసింది.

ఇంకో సంగతి. పోర్చుగీసు, స్పానిష్ తోబుట్టువుల్లాంటి భాషలు. పోర్చుగీసు వాళ్లు మనకు వదిలి వెళ్లిన మాటలు ఇప్పటికీ ఇంట్లో తిరుగుతున్నాయి. మన మేజా స్పానిష్‌లో ‘మేసా’. అలమారా ‘అర్మారియో’. మన మేస్త్రీకి చుట్టమైన ‘మాయెస్త్రో’ అంటే అక్కడ మాస్టారు. ఆ లెక్కన నేను ‘మాయెస్త్రా’. అప్పట్నుంచీ పిల్లలు నన్ను “మేస్త్రీ మిస్” అంటున్నారు.

బల్ల అమ్మాయా?

అన్నీ తేలికేనని చెబితే అబద్ధమవుతుంది. స్పానిష్‌లో ప్రతి వస్తువూ ఆడో మగో అయి తీరాలి. బల్ల ఆడ, పుస్తకం మగ. మనకు బల్లయినా బండయినా ‘అది’ అంతే. “బల్ల అమ్మాయని ఎవరు చెప్పారు?” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. వివరించడం మానేశాను. ‘మేసా’ అని విడిగా ఎప్పుడూ చెప్పను. ‘లా మేసా’ అని కలిపే చెబుతాను. ‘ఎల్ లిబ్రో’ కూడా అంతే. పాట నేర్చుకున్నట్టు జంటగా నేర్చుకుంటారు.

బోర్డు కూడా పక్కన పెట్టేశాను. 1960ల్లో జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఒక పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు. ముందు మాట విని ఒంటితో చేసి చూపించాలి. నోటితో పలకడం తర్వాత సంగతి. ‘సాల్తా’ అంటే గెంతాలి. ‘కొర్రె’ అంటే పరుగెత్తాలి. టేబుల్ కింద నిద్రపోయేవాడే ఇప్పుడు అందరికన్నా ముందు గెంతుతున్నాడు.

ఎలుక, ఉట్టి, మిరపకాయ

ఆరేడేళ్ల పిల్లలంటే పాలపళ్లు ఊడే వయసు. స్పెయిన్‌లో ఊడిన పన్ను దిండు కింద పెడితే పేరెస్ అనే చిట్టెలుక పట్టుకెళ్లి చిన్న కానుక పెడుతుంది. 19వ శతాబ్దం చివర్లో లూయిస్ కొలోమా అనే రచయిత చిన్నారి రాజు 13వ అల్ఫోన్సో కోసం రాసిన కథతో ఈ ఎలుక ఫేమస్ అయింది. “మా ఊర్ల పేడల పెట్టి ఇంటి మీదికి ఇసురుతం” అంది నాయనమ్మ. ఎలుక బెటరా, ఇంటికప్పు బెటరా అని ఆ రోజు పెద్ద డిబేట్.

మెక్సికోలో పుట్టినరోజుకు రంగు కాగితాల పిన్యాతా వేలాడదీస్తారు. కళ్లకు గంతలు కట్టుకుని కర్రతో పగలగొడితే మిఠాయిలు రాలతాయి. మన ఉట్టి గుర్తొస్తోంది కదూ! ఇక మిరపకాయ మెక్సికో వైపు నుంచి వచ్చిందని, 500 ఏళ్ల కిందట మన కూరల్లో మిరియాల ఘాటే కానీ మిర్చి లేదని చెబితే గుంటూరు పాప ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

తాతకి చాయ్

నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికోలో చనిపోయినవాళ్ల పండుగ జరుగుతుంది. ఫొటోలు పెట్టి, వాళ్లకు ఇష్టమైనవి వండి, బంతిపూలు పరుస్తారు. ఆ బంతి పుట్టిల్లు కూడా మెక్సికోనే. చిన్నపిల్లలకు చావు గురించి చెప్పాలా అని నేను వెనకాడుతుంటే నాయనమ్మే, “మన పెత్రమాస లెక్కనే గద! అందులో భయమేముంది?” అంది.

ఆ శనివారం పిల్లలు తలా ఒక ఫొటో తెచ్చారు. మన బాబు తాత ఫొటో పెట్టి, దాని ముందు చిన్న స్టీల్ గ్లాసు పెట్టాడు. “మి అబుయెలో” అన్నాడు. మా తాత అని. కాసేపాగి గ్లాసు చూపించి “తే” అన్నాడు. స్పానిష్‌లో తే అంటే టీ. తర్వాత తెలుగులోకి వచ్చేశాడు. తాత పొద్దున్నే సాసర్‌లో పోసుకుని ఎలా ఊదేవాడో, తనకీ ఒక గుక్క ఎలా పట్టేవాడో చెప్పాడు.

వాళ్లమ్మ గుమ్మం దగ్గరే నిలబడి విన్నది. వాడు ఆ కథ ఇంగ్లిష్‌లో చెప్పలేడు. స్పానిష్‌లోనూ ఇంకా చెప్పలేడు. నేను అప్పటికీ ఆ నిషేధం పట్టుకుని కూర్చుని ఉంటే ఆ గ్లాసు ఎవరిదో మాకెవరికీ తెలిసేది కాదు. ఆవిడ నాతో ఏమీ అనలేదు. కానీ ‘తెలుగు వద్దు’ అనే మాట మాత్రం మళ్లీ రాలేదు.

ఇంట్లో మొదలుపెట్టాలంటే

• రోజూ 10 నిమిషాలు చాలు. వారానికోసారి గంట కూర్చోబెడితే విసుగొస్తుంది.

• మొదటి రెండు నెలలు రాయించొద్దు. వినాలి, ఆడాలి, పలకాలి.

• కొత్త మాటను ముందు తెలుగు పలుకుతో పోల్చి చూడండి. అలా కుదరకపోతేనే ఇంగ్లిష్.

• తప్పు పలికితే ఆపొద్దు. సరైన మాటను మీరే ఇంకోసారి అనండి.

• ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టండి.

పోయిన శనివారం క్లాసు అయ్యాక అందరం ‘అస్త లుయేగో’ చెప్పుకున్నాం. మళ్లీ కలిసేదాకా అని అర్థం. నాయనమ్మ చెప్పులేసుకుంటూ, “గదేందిరా?” అని అడిగింది.

“నువ్వు ఊరికి పోయేటప్పుడు పోత అనవు కదా, పోయొస్త అంటవు. అదే నాయనమ్మా” అన్నాడు వాడు.