మీకు తెలుసా? సముద్రపు ఉప్పదనాన్ని కొలిచేది కరెంటే!

పెగడపల్లిలో గానీ జగిత్యాలలో గానీ ఫిల్టర్ నీళ్ల ప్లాంటు నడిపేవాళ్ల దగ్గర పెన్నులాంటి చిన్న మీటరు ఉంటుంది. నీళ్లలో ముంచగానే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, ఎంతో చూపిస్తుంది. నిజానికి అది లవణాలను తూచదు. నీళ్లలోంచి కాస్త కరెంటు పంపి, ఎంత తేలిగ్గా పారిందో చూస్తుంది. లవణాలు ఎక్కువైతే కరెంటు బాగా పారుతుంది. శాస్త్రజ్ఞులు సముద్రాన్ని కొలిచేదీ ఈ సూత్రంతోనే! తాగునీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదంటారు. సముద్రంలోనైతే కిలో నీటికి సగటున 35 గ్రాముల లవణాలుంటాయి.

నీళ్లు మరిగించి, మిగిలిన ఉప్పును తూస్తే సరిపోదా? సరిపోదు. ఆ వేడికి కొన్ని లవణాలు విడిపోయి, వాటిలో కొంత భాగం వాయువై పోతుంది. మిగిలిన ఉప్పేమో తేమను ఓ పట్టాన వదలదు. అందుకే ఒకప్పుడు సిల్వర్ నైట్రేట్‌తో ఒక్క క్లోరైడునే లెక్కగట్టేవారు. ఏ మహాసముద్రంలోనైనా ప్రధాన లవణాల పాళ్లు దాదాపు ఒకటే కాబట్టి, ఒక్కటి తెలిస్తే మిగతావి తెలిసినట్టే. ఎంత చక్కటి ఉపాయం!

ఇప్పటి కొలత 1978 నాటి ప్రమాణానిది. కిలో ద్రావణంలో 32.4356 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటే, 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర అందులో కరెంటు ఎంత బాగా పారుతుందో, అదే వేడిమిలో అంతే బాగా పారే సముద్రపు నీటి ఉప్పదనం 35. దీనికి యూనిట్ ఉండదు. నీరు వేడెక్కినా కరెంటు ఎక్కువే పారుతుంది కనుక, పరికరం ఉష్ణోగ్రతనూ పీడనాన్నీ కూడా కొలిచి లెక్క సరిచేస్తుంది.

సముద్రమే లేని హైదరాబాద్‌కు ఈ అంకెలు రోజూ వస్తుంటాయి. అక్కడి ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ, సముద్రంలో తిరుగుతూ కొలిచే మన దేశపు ఆర్గో ఫ్లోట్ల సమాచారాన్ని చూసుకుంటుంది. ఈ ఫ్లోట్లు దాదాపు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి కొలుచుకుంటూ పైకొచ్చి, లెక్కలను ఉపగ్రహానికి పంపి మళ్లీ మునుగుతాయి.

బంగాళాఖాతానికి ఈ కొలత మరీ ముఖ్యం. వానాకాలంలో ధర్మపురి మీదుగా సాగే గోదావరి, ఇంకా గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చే మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి పైపొరగా నిలుస్తుంది. ఆ పొర వల్ల కింది చల్లటి నీరు తేలిగ్గా పైకి కలవదు. అలా వెచ్చగానే ఉండిపోయిన సముద్రం మీదికి తుపాను వస్తే దానికి బలం దొరుకుతుంది.