పాత నాణేల షాపులో తొలి ఉద్యోగం: ఇంట్లో నేర్చిన ఉర్దూ అక్కరకొచ్చే చోటు

డిగ్రీ చేతికొచ్చింది. ఎక్కడికెళ్లినా ‘ఎక్స్‌పీరియెన్స్ ఉందా?’ అన్నదే మొదటి ప్రశ్న. అమ్మీ దగ్గర నేర్చుకున్న ఉర్దూ, మక్తబ్‌లో దిద్దిన అరబీ అక్షరాలు బయోడేటాలో ‘తెలిసిన భాషలు’ అన్న ఒక్క లైనుతో సరి. కానీ ఆ లైనుకు నిజంగా విలువిచ్చే చోటు ఒకటుంది. అదే పాత నాణేల షాపు.

హైదరాబాద్‌లో చేతులు మారే పాత నాణేల్లో ఆసఫ్‌జాహీల కాలంవి చాలా ఎక్కువ. వాటి మీద రాతంతా అరబీ లిపిలోనే ఉంటుంది. దాన్ని చదవగలిగిన పిల్లలు ఇప్పుడు తక్కువ. మన ఇళ్లలో మాత్రం ఇంకా ఉన్నారు.

నాణెం ఏం చెబుతుంది?

చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయినే తీసుకోండి. బొమ్మలో గుమ్మం మధ్య ఒక అక్షరం కనిపిస్తుంది. ‘మీమ్’ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెం. ‘అయిన్’ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. లిపి రానివాళ్లకు రెండూ గీతల్లానే ఉంటాయి. వచ్చినవాళ్లకు ఒక్క చూపు చాలు.

ఇక తేదీ. నాణెం మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. దాన్ని మార్చడానికి సులువైన లెక్క ఉంది: హిజ్రీ సంవత్సరంలోంచి నూటికి మూడు చొప్పున తీసేసి, 622 కలపాలి. 1343 అని ఉందనుకోండి. మూడు శాతం అంటే దాదాపు 40. మిగిలింది 1303. దానికి 622 కలిపితే 1925. అసలు లెక్కలో ఆ హిజ్రీ సంవత్సరం 1924-25లో పడుతుంది. ఒక ఏడాది అటూ ఇటూ రావొచ్చు గానీ, కౌంటర్ దగ్గర అంచనాకు ఇది సరిపోతుంది.

నాణేల మీద 92 అన్న అంకె కూడా కనిపిస్తుంది. అది సంవత్సరం కాదు. అబ్జద్ లెక్కలో ప్రవక్త ముహమ్మద్ (స) పేరుకు వచ్చే సంఖ్య. కొత్తవాళ్లు దాన్ని తేదీ అనుకుని పొరబడతారు.

చదవడం ఒక్కటే చాలదు

షాపులో మొదటి నెలల పని కుర్చీలో కూర్చుని చరిత్ర చెప్పడం కాదు. తూకం వేయడం, కవర్లలో పెట్టడం, రిజిస్టర్ రాయడం, ఫొటోలు తీయడం. నిజాం హాలీ రూపాయి దాదాపు 11.18 గ్రాములుంటుంది. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములు. బరువు బాగా తేడా వస్తే అనుమానించాలి. వెండి అయస్కాంతానికి అతుక్కోదు. అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తే అచ్చుపోసిన నకిలీ కావొచ్చు.

నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి. చింతపండుతో, పౌడర్‌తో తోమకూడదు. మెరిసిందని సంతోషపడతాం గానీ, సేకరించేవాళ్ల దృష్టిలో దాని ధర అక్కడే పడిపోతుంది.

ఇంటర్వ్యూకి ముందు ఇంట్లోనే ఒక అభ్యాసం చేయొచ్చు. జేబులోని చిల్లర తీసి, సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకసాల, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. తర్వాత ఒక రోజు సైఫాబాద్ మింట్ మ్యూజియం, ఇంకో రోజు పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం చూసి రావాలి. ‘నేనిది చూశాను, ఇది అర్థం కాలేదు’ అని అడిగే కుర్రాడిని యజమాని గుర్తుపెట్టుకుంటాడు.

చట్టం కూడా తెలియాలి

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. మామూలు మనుషులు వాటిని దేశం దాటించకూడదు. పైన చెప్పిన 1343 నాటి రూపాయికి వందేళ్లు నిండాయి. దుబాయ్‌లో ఉన్న మామూకి తోఫా అని సూట్‌కేసులో పెట్టినా తప్పే. అంటే హిజ్రీ తేదీ చదవడం ధర కోసమే కాదు, కేసు కాకుండా ఉండటానికి కూడా.

పొలంలోనో, పునాది తవ్వకంలోనో దొరికిన నాణేలు ఎవరైనా తెస్తే కొనకూడదు. 1878 నాటి చట్టం ప్రకారం, విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్లు ఆ సంగతి కలెక్టర్‌కు తెలపాలి.

ఇంకోటి, 786 నంబరు నోట్లు. లక్షలు వస్తాయంటూ ఫోన్లు చేసి, ముందుగా ఫీజు, ట్యాక్స్ కట్టమంటారు. పాత నోట్లు, నాణేల పేరుతో తన పేరు వాడి మోసం చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2021లోనే హెచ్చరించింది. ఇష్టపడి కొనేవాళ్లు ఇచ్చే అదనమే తప్ప ఆ నోటుకు సర్కారీ రేటంటూ లేదు.

అన్నిటికన్నా ముందు అమానత్

ఒక రోజు ఒక ఆపా భర్త పోయాక బీరువాలో దొరికిన డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెడుతుంది. ఆమెకు వెండి రేటు తెలుసు, నాణెం రేటు తెలీదు. తెలిసింది అవతల నిలబడ్డ కుర్రాడికే. ‘సాయంత్రం ఇంటికి రండి, నేనే తీసుకుంటా’ అన్నాడంటే యజమాని నమ్మకం, ఆమె హక్కు రెండూ పోయినట్టే. ఈ వ్యాపారం చిన్నది, అందరికీ అందరూ తెలుసు. ఒక షాపులో పోయిన పేరు ఇంకో షాపులో దొరకదు.

ఇంటివాళ్లు కూడా కొన్ని అడగాలి. జీతం ఎంత, ఏ తేదీకి ఇస్తారు, నాణెం పోతే ఎవరి బాధ్యత, వచ్చినవి పోయినవి రిజిస్టర్‌లో రాస్తారా, బిల్లు ఇస్తారా? ఉద్యోగం కోసం ముందే డిపాజిట్ అడిగితే వెనక్కి రావడమే మేలు.

ఈ పని అబ్బాయిలకే అని లేదు. లిపి చదివి వివరాలు రాయడం, ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం అమ్మాయిలూ చేయగలరు. మొదట్లో జీతం పెద్దగా ఉండకపోవచ్చు. కానీ రెండేళ్లు నిజాయితీగా పనిచేస్తే, తూకం, తేదీ, చట్టం మూడూ తెలిసిన మనిషని పేరొస్తుంది. అప్పుడు బయోడేటాలోని ఆ ఉర్దూ లైను పై వరసలోకి వస్తుంది.