వార్డు మెంబరు చేతిలో ఏమున్నది?

వీధి దీపం వెలగకపోయినా, కుళాయిలో నీరు రాకపోయినా, మురుగు కాలువ పొంగి గుమ్మంలోకి వచ్చినా మనం మొదట ఎవరిని అడుగుతాము? మంత్రిగారు మన వీధిలో ఉండరు. కలెక్టరుగారు మన సంతకు రారు. పల్లెలో అయితే వార్డు మెంబరు, పట్టణంలో అయితే కౌన్సిలరు మనకు ఎదురుపడతారు. పాలకేంద్రం దగ్గర, బస్సు ఆగే చోట, ఆదివారం ఆరాధన ముగిసి బయటకు వచ్చేటప్పుడు కూడా వారికి మన ఫిర్యాదు తప్పదు. అడగటం మన హక్కే. గాని ఆ పనికి కావలసిన డబ్బు వారి చేతిలో ఎంత ఉన్నది, అది ఎక్కడి నుండి వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది కూడా మనం తెలుసుకోవాలి. లేకపోతే తప్పు ఒకచోట, మన కోపం మరొకచోట అవుతుంది.

బాధ్యత వచ్చింది, పైకం రాలేదు

మన ప్రాంతానికి స్థానిక పాలన కొత్త కాదు. ఏలూరు మునిసిపాలిటీ 1866లో ఏర్పడి, 2005లో నగరపాలక సంస్థ అయింది. తాడేపల్లిగూడెం 1958లో మునిసిపాలిటీ అయింది. 1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు అయిదేళ్లకొకసారి ఎన్నికలు జరపాలనీ, స్త్రీలకు కనీసం మూడవ వంతు స్థానాలు ఇవ్వాలనీ నియమించాయి. పంచాయతీలకు 29 అంశాలు, పట్టణాలకు 18 అంశాలు అప్పగించదగినవని జాబితాలు చేర్చాయి. అయితే వాటిలో ఏ అంశాన్ని, ఎంత డబ్బుతో, ఎంతమంది సిబ్బందితో అప్పగించాలన్నది రాష్ట్రాలకే విడిచిపెట్టారు. చిక్కంతా అక్కడే ఉన్నది.

పంచాయతీకి సొంత ఆదాయమంటే ముఖ్యముగా ఇంటి పన్ను, కుళాయి రుసుము, చేపల చెరువు వేలం, సంత వేలం, రిజిస్ట్రేషన్లలో వచ్చే వాటా. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసే గ్రంథాలయ సెస్సు పంచాయతీది కాదు, దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. చిన్న ఊరిలో ఈ సొంత ఆదాయం పారిశుధ్య కార్మికుల జీతాలకు, బ్లీచింగుకు, మోటారు మరమ్మతులకే చాలదు. అందుచేత పంచాయతీలన్నీ కేంద్ర ఆర్థిక సంఘం నిధులవైపు చూస్తాయి.

ఆ నిధులకు కూడా షరతులున్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 సంవత్సరాలకు ఇచ్చిన గ్రాంటులో నూటికి 60 వంతులు తాగునీటికి, పారిశుధ్యానికే వాడవలసి ఉండేది. మిగిలిన 40 వంతులలో నుండి జీతాలు ఇవ్వకూడదని నియమం ఉండేది. ఉద్దేశం మంచిదే. కాని మన సమాధుల తోటకు బాట వేయమని సంఘమంతా కలిసి అడిగినప్పుడు, ఆ మెంబరు ఆ 60 వంతులను ముట్టుకోలేకపోయేవాడు. ఉన్న కొద్దిపాటిలో సిమెంటు రోడ్డు కావాలన్నవారు, కల్వర్టు కావాలన్నవారు, బాట కావాలన్నవారు అందరూ పోటీదారులే.

కొల్లేటి ఊళ్ల భారం

కొల్లేరు చుట్టుపక్కల ఈ భారం మరింత ఎక్కువ. చుట్టూ నీరే, తాగటానికి నీరు లేదు. చాలా ఊళ్లలో భూగర్భ జలం ఉప్పన. కనుక కాలువ నీటిని మంచినీళ్ల చెరువుకు పెట్టుకొని, వడపోసి, ట్యాంకుకు ఎక్కించాలి. వేసవిలో కాలువలు కట్టివేయకముందే చెరువు నిండాలి. నిండకపోతే మెంబరు ఇంటి ముందు బిందెలు వరుస కడతాయి. చేపల లోడు, మేత లోడు మోసే లారీల బరువుకు ఊరి రోడ్లు నిలవవు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లు తెగగొట్టినప్పుడు, చెరువుల మీద బ్రతికిన ఊళ్ల రాబడికి పెద్ద దెబ్బ తగిలింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచి కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాల దారులు మునిగిపోయాయి. వరద తీసిన తరువాత బురద ఎత్తవలసినదీ, బ్లీచింగు చల్లించవలసినదీ పంచాయతీయే.

నీళ్లు తోడాలంటే మోటారు తిరగాలి, మోటారు తిరగాలంటే కరెంటు బిల్లు కట్టాలి. 2021-22లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల విద్యుత్ బకాయిల క్రింద జమ చేసుకున్నది. ఖాతాలో ఉన్నదనుకొన్న డబ్బు కనబడకపోయేసరికి పార్టీ భేదం లేకుండా సర్పంచులు వీధికెక్కారు. బకాయి నిజమే కావచ్చు, కాని ఊరికి వచ్చిన డబ్బును ఊరివారిని అడగకుండా తీసుకోవచ్చునా అన్నదే వారి ప్రశ్న.

అడగటానికి మనిషి లేకపోతే

మెంబరు ఉండి డబ్బు లేకపోవటం ఒక కష్టం. మెంబరే లేకపోవటం మరొక కష్టం. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు ముగిసింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. నడుమ ప్రత్యేక అధికారులే పాలించారు. ఏలూరు నగరానికి 2021 మార్చి 10న పోలింగు జరిగినా, కోర్టు వ్యాజ్యం వలన ఓట్లు లెక్కించింది జూలై 25న. తాడేపల్లిగూడెంలో 2014లో ఎన్నికైన కౌన్సిలు గడువు 2019లో ముగియగా, 2021లో ఇతర పట్టణాలతో పాటు అక్కడ ఎన్నిక జరగలేదు.

2020 డిసెంబరులో ఏలూరులో కొద్ది రోజులలోనే 600 మందికి పైగా మూర్ఛలతో, కళ్లు తిరగటంతో ఆసుపత్రి పాలయ్యారు. నీళ్లా, కూరగాయలా, పురుగుమందులా అని ఢిల్లీ, హైదరాబాదు నుండి నిపుణులు వచ్చి పరీక్షలు చేశారు. ఆ దినాలలో ఏలూరుకు ఎన్నికైన కౌన్సిలరు ఒక్కరూ లేరు. వైద్యులు, అధికారులు శ్రమించారు, అందుకు కృతజ్ఞులమే. అయినను, మా వీధి నీరు తాగవచ్చునా అని ఒక తల్లి అడగటానికి ఆమె ఓటుతో నిలిచిన మనిషి లేడు.

మన వంతు

పైవారి మీద నెట్టివేసి మనం ఊరుకుంటే సరిపోదు. ఇంటి పన్ను ఏళ్ల తరబడి బాకీ పెట్టి వీధి దీపం గురించి గట్టిగా మాట్లాడటం న్యాయం కాదు. ఎన్నికైన వారిలో లెక్క చెప్పనివారు కూడా లేకపోలేదు. వారిని గ్రామసభలోనే అడగాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకేరోజున గ్రామసభలు జరిగాయి. జెండా పండుగకు చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250 రూపాయలు ఇచ్చే పాత లెక్కను ఆ ఏడాదే 10,000, 25,000 రూపాయలకు పెంచారు. మూడు దశాబ్దాలకు పైగా ఆ 100 రూపాయలు మారలేదంటే, పంచాయతీని మనమందరం ఎంత చిన్నచూపు చూశామో తెలుస్తుంది.

కనుక ఈసారి గ్రామసభ చాటింపు వినిపించినప్పుడు ఇంటిల్లిపాది వెళ్లండి. స్త్రీలు వెనుక నిలబడక ముందు కూర్చోండి. మూడు ప్రశ్నలు అడగండి: ఈ ఏడాది మన ఊరికి ఎంత వచ్చింది? అందులో షరతు లేని సొమ్ము ఎంత? దానిని ఏ పనికి ఖర్చు పెట్టారు? చదువుకున్న పిల్లలు ఈ-గ్రామ స్వరాజ్‌లో తమ పంచాయతీ లెక్క సెల్‌ఫోనులోనే చూసి పెద్దలకు చదివి వినిపించవచ్చు. లెక్క అడిగేవారు పదిమంది ఉన్న ఊరిలో మంచి మెంబరుకు బలం కలుగుతుంది, పై ఆఫీసులో తన ఊరి డబ్బు కోసం ధైర్యంగా నోరు విప్పుతాడు.